కాదమ్మ ఇంటి కొడవలి

పొద్దు వాలేసరికి పెరటి మెట్టు దగ్గర గోరువెచ్చని నీళ్ళ బకెట్టు, నూనె గిన్నె, ఒక సూది సిద్ధంగా ఉంచడం నా పని. మా వదిన మడుగులోంచి వచ్చి మెట్టు మీద కూలబడి, కాళ్ళు నా ఒళ్ళోకి చాపేది. మడమల నిండా జమ్ము ఈనెలు విరిగి గుచ్చుకుని ఉండేవి. బురద కడిగి, నూనె రాసి, చర్మం మెత్తబడ్డాక సూదితో ఒక్కొక్కటే తీసేదాన్ని. కంపెనీవాళ్ళు ఇచ్చిన రబ్బరు బూట్లు గుమ్మం వెనక కొత్తవి కొత్తవిగానే ఉండేవి. అందులో మా ఆయన గొడుగు పెట్టుకునేవారు.

"అడుసు తొక్కనేల, కాలు కడగనేల అన్నారు వదినా."

"తొక్కేది నేను, కడిగేది నువ్వు. పాపం ఆ సామెత చెప్పినాయనకి మరదలు లేనట్టుంది."

ఇప్పుడు ఆ సూదితో మా ఆయన చొక్కా గుండీలు కుడుతున్నాను. ఆమె పోయిన కొత్తలో అలవాటు కొద్దీ సాయంత్రం నీళ్ళు కాచాను కూడా. కాచాక ఏం చెయ్యాలో తెలియలేదు. చల్లారనిచ్చి మొక్కలకి పోశాను.

సంఘం ఆఫీసులో ఆమె ఫొటో పెట్టారు. కింద "తొలి అధ్యక్షురాలు" అని రాయించారు. ఫొటోలో నవ్వుతూ ఉంటుంది. ఆమె అలా నవ్వే మనిషి కాదు. తీసేవాడు నవ్వమన్నాడు, ఆ ఒక్కదానికి కాదనలేకపోయింది. ఆ రెండు మాటల కింద ఆమె పట్టదని నాకు అనిపిస్తూ ఉంటుంది. అందుకని నాకు తెలిసినంత రాస్తున్నాను.

ఆమె మా ఆయనకి సొంత అక్క. పెళ్ళయిన కొద్దికాలానికే మొగుణ్ణి పోగొట్టుకుని పుట్టింటికి వచ్చేసింది. నేను కాపరానికి బయలుదేరినప్పుడు మా అమ్మ నన్ను పక్కకి పిలిచి, "ఆడబిడ్డ అర్ధమొగుడంటారు, కాస్త చూసుకుని మసులుకో" అంది. వచ్చాక చూస్తే అర్ధం కాదు, ఒకటిన్నర. కూరలో ఉప్పు దగ్గర్నుంచి పిల్లల చదువు దాకా ఆమె మాటే. మొదట్లో చాటుగా ఏడ్చేదాన్ని. ఒకసారి అలా ఏడుస్తుంటే చూసి, "ఏడిస్తే ఏడువు గాని, ఆ ముక్కు నా చీరకి తుడవకు, ఉతికింది నేను" అంది. ఇద్దరం నవ్వుకున్నాం. అప్పటినుంచి ఆమె నాకు సగం అమ్మ.

మేము మడుగు వాళ్ళం. ఊరు పుట్టకముందు నుంచీ ఈ ఒడ్డున ఉన్నామని మా మామగారు చెప్పేవారు. ఊళ్ళోవాళ్ళు మమ్మల్ని నీటికోళ్ళు అంటారు, ఇప్పుడు కాస్త మర్యాదగా వెనక నుంచి అంటారు. మధ్యలో చాలాకాలం మడుగు మాది కాకుండా పోయింది. చుట్టూ కంచె పడింది. మామగారి తరం వాళ్ళు ఆఫీసుల చుట్టూ తిరిగి తిరిగి చెప్పులరిగాక, చివరికి ఆఫీసువాళ్ళు మడుగు మీదే అన్నారు. మడుగైతే వచ్చింది గాని, చేతిలో పని లేదు. ఒడ్డున కూర్చుని నీళ్ళు చూసుకుంటే కడుపు నిండదు కదా.

అప్పుడు వచ్చింది కంపెనీ. జమ్మును ఎండబెట్టి, యంత్రంలో నొక్కి, గోడలకి వాడే పలకలు చేస్తారు. చెట్టు కొట్టక్కర్లేదు, ఇటుక కాల్చక్కర్లేదు. మడుగు మాది, యంత్రం వాళ్ళది. కమిటీలో మావాళ్ళు సగం, వాళ్ళు సగం. అందుకే దాన్ని జంట సంఘం అన్నారు. పెళ్ళి లాంటిదే అన్నారు మామగారు. "పెళ్ళే అయితే కోడలెవరో ముందు తేల్చండి" అంది మా వదిన.

మా పని పద్ధతి కొంచెం చెప్పాలి. మడుగుకి మూడు పాయలు: తూర్పు, పడమర, ఉత్తరం. ఒక ఏడు కోసిన పాయని మరుసటి ఏడు కొయ్యం. పాయ పడుకుంది అంటాం. పడుకున్నదాన్ని లేపకూడదు. కోసేటప్పుడు కూడా నీటికి పైనే కొయ్యాలి. జమ్ము కాడ లోపలంతా గుల్ల. మోడు నీటి పైన ఉంటే వేరు దానిగుండా ఊపిరి తీసుకుంటుంది. నీటి కింద కోస్తే ఆ గుల్లలోకి నీరు దూరి, వేరు మునిగి చస్తుంది. వేరెక్కడుందో పాదంతో తడుముకుంటూ కోస్తారు. అందుకే ఆ బూట్లు గుమ్మం వెనకే ఉండిపోయాయి.

ఇంకొకటి కూడా ఉంది. కోత మొదలుపెట్టే రోజు పెద్ద ఇంటి కొడవలి, అంటే మా ఇంటిది, ముందు నీళ్ళలో దిగాలి. అది దిగకుండా ఎవరూ కొయ్యరు. ఆ కొడవలిని నూరేది నీళ్ళలో దిగని మనిషే. ఎందుకని నేను కొత్తలో అడిగితే మామగారు, "దిగేవాడికి కోత మీదే ధ్యాస అమ్మా. ఇంట్లో ఉన్నదానికి అన్నీ గుర్తుంటాయి" అన్నారు. మా అత్తగారు నూరేవారు. ఆవిడ తర్వాత ఆ పని నాకు వచ్చింది.

మావాళ్ళు నోటితో కాదనరు. అలా అంటే అవతలి మనిషి ముఖం మీద తలుపు వేసినట్టు. ఇష్టం లేకపోతే ఆ పని చెయ్యకుండా ఊరుకుంటారు. సంబంధం నచ్చకపోతే పెళ్ళికొడుకు వాళ్ళకి కబురు పంపరు, వాళ్ళు వచ్చే రోజున వాకిలి ఊడ్వరు. వాళ్ళు దూరం నుంచే చూసి, వేరే పని మీద వచ్చినట్టు ముందుకు సాగిపోతారు. మా వదిన పెళ్ళికి ముందు మామగారు నాలుగైదు సార్లు అలా వాకిలి వదిలేశారట. "నా పెళ్ళయ్యేలోపు మా వాకిట్లో గడ్డి మొలిచింది" అనేది.

కంపెనీతో మొదటి మీటింగులో మావాళ్ళు చేసిన పొరపాటు ఇదే. పలకలకి గిరాకీ బాగుంది, మూడు పాయలూ ఒకేసారి కోద్దామా అని మేనేజరు గారు అడిగారు. అప్పటికి ఆయన కుర్రవాడు, కొత్తగా వచ్చినవాడు. మా పెద్దలందరూ నేల చూశారు. ఎవరూ మాట్లాడలేదు. ఇంటికొచ్చారు. అత్తగారు కొడవలి నూరలేదు. మా మనసులో మాట చెప్పేశామని మావాళ్ళు హాయిగా నిద్రపోయారు. మౌనం అర్ధాంగీకారం అనుకుని కంపెనీవాళ్ళు కూడా హాయిగా నిద్రపోయారు. కోతకి మావాళ్ళు రాకపోయేసరికి, మనుషులు చాలడం లేదు కాబోలు అనుకుని, ఎక్కడినుంచో పడవ మీద కోత యంత్రాన్ని తెప్పించారు. అది తూర్పు పాయతో మొదలుపెట్టి నున్నగా గొరిగేసింది, నీటి కింద దాకా.

నేను కొత్తకోడల్ని. ఒడ్డున అందరితో పాటు నిలబడి చూశాను. మామగారు నోరు తెరిచి మళ్ళీ మూసుకున్నారు. అంత జరుగుతున్నా ఎవరి నోటినుంచీ ఆ మాట రాలేదు. పాయ అయిపోయాక యంత్రం చెడి ఆగింది గాని, మేము ఆపితే కాదు. తర్వాతి వానలకి తూర్పు పాయలో చిగురు రాలేదు. కుళ్ళిన వేళ్ళ వాసన ఇళ్ళ దాకా వచ్చేది. ఇప్పుడక్కడ ఉత్త నీళ్ళు. అక్కడ గూళ్ళు పెట్టుకునే పిట్టలు కొంతకాలం పైన తిరిగి, తర్వాత రావడం మానేశాయి.

మళ్ళీ ఏడాది మీటింగుకి మామగారికి కాలు వాచి నడవలేకపోతే, వదిన తోడు వెళ్ళింది. ఆమె గుమ్మం దగ్గర నీళ్ళ కూజా పట్టుకుని నిలబడి ఉందట. మేనేజరు గారు ఉత్తరపు పాయ సంగతి అడిగారు. అందరూ మళ్ళీ నేల చూశారు. ఆయన కాగితం మీద ఏదో రాసుకోబోయారు.

"కాదు" అంది వదిన.

అందరూ తిరిగి చూశారు.

"ఏమిటమ్మా?" అన్నారు మేనేజరు గారు.

"ఉత్తరపు పాయ కొయ్యడానికి వీల్లేదు. ఈ ఏడు అది పడుకునే వంతు. వీళ్ళందరూ అదే అంటున్నారు. మీకు వినపడ్డం లేదు."

"ఎవరూ ఏమీ అనలేదే?"

"అనకపోవడమే అనడం."

ఆయన కలం కింద పెట్టారట. "మరి తూర్పు పాయప్పుడు?" అని అడిగారు.

"అప్పుడూ ఇదే అన్నారు."

ఆ మాట విన్నాక కుర్చీలోంచి లేవడానికి ఆయనకి చాలాసేపు పట్టిందని వదిన చెప్పేది. ఆయన చెడ్డవాడు కాదు. తెలిసి చేసిన పని కాదు. కాని తూర్పు పాయకి ఆ సంగతి ఎవరు చెప్తారు?

ఇంటికొచ్చాక మామగారు, "నలుగురిలో నోటితో కాదంటావా? అవతలి మనిషి ముఖం ఏమవ్వాలి?" అన్నారు.

"ముఖం సంగతి తర్వాత నాన్నా. మనకింక రెండు పాయలే ఉన్నాయి."

మామగారు మళ్ళీ కోతలొచ్చేదాకా ఆమెతో మాట్లాడలేదు. ఆమె వడ్డిస్తే తినేవారు, మారు మాత్రం అడిగేవారు కాదు. సగం ఆకలితో లేచేవారు. మావాళ్ళు ఆమెకి కాదమ్మ అని పేరు పెట్టారు. మెచ్చుకుని పెట్టిన పేరు కాదు. పిల్లలు వీధిలో వెనకబడి, "కాదమ్మా, ఇవాళ సూర్యుడు వస్తాడా?" అని అరిచేవారు. ఆమె తిరక్కుండానే, "మీ అమ్మనడిగి చెప్తా" అనేది.

ఆ కాదమ్మనే చివరికి అధ్యక్షురాలిగా కూర్చోబెట్టారు. ప్రేమతో కాదు. ఎవరో ఒకరు ఆ పాడు మాట అనాలి, ఆమె ఎలాగూ చెడ్డపేరు తెచ్చుకుంది కదా, ఆమే అంటుందిలే అని. మామగారు పోయేముందు మాత్రం నాతో, "దాన్ని ఒంటరిదాన్ని చెయ్యకండి" అన్నారు. ఆమెతో అనలేదు.

ఆమె ఉన్నన్నాళ్ళూ నీటి కింద కొడవలి పడలేదు. పాయ పడుకునే వంతు ఒప్పందంలో రాయించింది. యంత్రం నడపడం మా ఆడవాళ్ళకి నేర్పించాకే కొత్త షెడ్డు కట్టనిచ్చింది. నగరంలో ఏదో పెద్ద సభకి పిలిచారు. ఒక్కతీ వెళ్ళనని నన్నూ లాక్కుపోయింది. చలిపెట్టెలో కూర్చున్నట్టుంది ఆ హాలు. భూమికి మొదటి మనుషులే, అంటే మాలాంటివాళ్ళే, దారి చూపించాలి, వాళ్ళ నాయకత్వంలోనే రేపటి బతుకుతెరువు అని ఒకాయన చాలాసేపు చెప్పాడు. అందరూ చప్పట్లు కొట్టారు. వదిన నా చెవిలో, "దారి చూపించమంటున్నాడు గాని, వీడికి బయటికి పోయే తలుపెక్కడో తెలుసేమో అడుగు, నాకు కాళ్ళు కొంకర్లు పోతున్నాయి" అంది. ఆమె వంతు వచ్చినప్పుడు ఆరబెట్టే షెడ్డు పైకప్పు కారుతోందని చెప్పింది, ఎప్పుడు బాగుచేయిస్తారని అక్కడికి వచ్చిన మేనేజరు గారిని అందరి ముందూ అడిగింది, వచ్చి కూర్చుంది. పైకప్పు బాగుపడింది.

ఇవన్నీ బాగానే చెప్తున్నాను. ఆమె తప్పు కూడా చెప్పాలి.

ఎండిన జమ్మును నొక్కేటప్పుడు కంకుల్లోంచి దూది లేస్తుంది. షెడ్డు నిండా తెల్లగా తేలుతూ ఉంటుంది. చూడ్డానికి బాగుంటుంది. అది ఊపిరిలోకి పోతుందని కంపెనీవాళ్ళు ముక్కుకి కట్టుకునే ముసుగులు పంపారు. "ముక్కుకి గోచీ ఏమిటి, నేను కట్టను" అంది వదిన. అందరూ నవ్వారు. ఆమె కట్టలేదు కాబట్టి ఎవరూ కట్టలేదు. ముసుగుల పెట్టె షెడ్డులో ఒక మూల ఉండిపోయింది, పిల్లి అందులో ఈనింది. కాదనడం అలవాటైన మనిషికి ఏది కాదనాలో, ఏది ఔననాలో ఒక్కోసారి తెలియదు. మేనేజరు గారు రెండు మూడు సార్లు గట్టిగా చెప్పి చూశారు. తర్వాత ఆయనా ఊరుకున్నారు.

దగ్గు మొదలైనప్పుడు చలిగాలి అంది. ఆస్పత్రికి పోదామంటే కాదంది. మెట్టు మీద కూర్చుని కాళ్ళు చాపినప్పుడు, దగ్గు వస్తే పాదం నా ఒళ్ళో అదిరేది. సూది జరిగేది. "గుచ్చకే" అనేది. "నువ్వు దగ్గకు" అనేదాన్ని. చివరికి తీసుకువెళితే, ఊపిరితిత్తులు గట్టిపడిపోయాయి, ఇంక మెత్తబడవు అన్నారు డాక్టరు గారు.

మేనేజరు గారు చూడ్డానికి వచ్చారు. ఆయన జుట్టూ తెల్లబడింది. మంచం పక్కన కూర్చుని చేతిరుమాలు మడతపెడుతూ, విప్పుతూ ఉన్నారు. వదిన ఒక్కో మాటకి ఆగి ఊపిరి తీసుకుంటూ, "షెడ్డులో అందరికీ ముసుగులు కట్టించండి. ఈసారి కాదంటే వినకండి" అంది.

"మీరు కాదంటే వినకపోవడం నాకు అలవాటు లేదండి" అన్నారాయన. ఆమె నవ్వబోయి దగ్గింది.

ఆఖరి మాటలంటూ ఏమీ లేవు. దిండు గలేబు మార్చమంది. మార్చేలోగా పోయింది.

ఇక మిగిలింది ఈ ఏటి సంగతి.

ఈ ఏడు కోత పడమటి పాయది. ఉత్తరపు పాయ నిరుడు కోశాం, అది పడుకోవాలి. కాని వేసవిలో నీరు ఎండిపోయి, ఎక్కడినుంచో నిప్పురవ్వ పడి, పడమటి పాయ వేళ్ళతో సహా తగలబడింది. మట్టి లోపల కూడా కాలుతూనే ఉంది చాలా రోజులు. వదిన మంచంలో ఉండగానే ఆ పొగ కిటికీలోంచి వచ్చేది. ఏమిటా పొగ అని అడిగితే ఎవరో ఆకులు కాలుస్తున్నారని చెప్పాను. నమ్మినట్టు ఊరుకుంది.

ఆమె పోయాక, కొత్త కమిటీ వచ్చేదాకా అధ్యక్షుడిగా మా ఆయన్ని కూర్చోమన్నారు. ఆయన మంచి మనిషి. మొహమాటం మనిషి. అంగడిలో పుచ్చిన వంకాయలు ఇచ్చినా తెచ్చుకుంటారు. "మొహమాటానికి పోతే కడుపైందట, తమ్ముడు మగాడిగా పుట్టాడు కాబట్టి సరిపోయింది" అని వదిన ఎగతాళి చేసేది.

మేనేజరు గారు ఇంటికి వచ్చారు. వదిన కూర్చునే మెట్టు మీద కాకుండా, దాని పక్కన పీట వేసుకుని కూర్చున్నారు. ఒక పెద్ద పని వచ్చిందని, బడుల గోడలకి పలకలు కావాలని చెప్పారు. ఇవ్వలేకపోతే ఆ పని వేరేవాళ్ళకి పోతుంది, యంత్రం మూతపడుతుంది, మళ్ళీ ఎప్పుడు తెరుస్తామో చెప్పలేను అన్నారు.

"ఉత్తరపు పాయ ఈ ఒక్కసారికి కోద్దామండి. నీటి పైనే. మీ పద్ధతిలోనే. మీ అక్కగారుంటే నేను ఈ మాట అడిగేవాణ్ణి కాదు. గతిలేక అడుగుతున్నాను."

మా ఆయన నేల చూశారు. చాలాసేపు చూశారు. నాకు అర్థమైంది. మేనేజరు గారు ఎదురుచూస్తూనే ఉన్నారు. ఇన్నేళ్ళయినా ఆయన మా నేలచూపు చదవడం నేర్చుకోలేదు. నేర్చుకోవలసిన పని పడలేదు, వదిన నోరు ఉండేది కదా.

"చూద్దాం లెండి" అన్నారు మా ఆయన చివరికి.

మేనేజరు గారు దాన్ని సరే అనుకుని వెళ్ళారు. సోమవారం కోత అని కబురు వచ్చింది.

మర్నాడు ఎదురింటి కోడలు వచ్చింది. షెడ్డులో పలకలు పేర్చే పిల్ల. ఇద్దరు చిన్నపిల్లలు, మొగుడు నడుం పడిపోయి ఇంట్లోనే ఉంటాడు.

"పిన్నీ, కోతట కదా" అంది, నా ముఖం చదువుతూ.

"అంటున్నారు."

"ఏమీ కాదులే పిన్నీ. ఒక్క ఏడు నిద్ర లేకపోతే ఎవరైనా చస్తారా? నా పిల్ల పుట్టాక నేను నిద్రపోయిందెప్పుడు, బతికే ఉన్నా కదా. పాయ పడుకుంటే మా పొయ్యి పడుకుంటుంది."

ఆమె చెప్పిందీ అబద్ధం కాదు. వెళ్ళేటప్పుడు గుమ్మం పట్టుకుని దగ్గింది. ఆ దగ్గు నాకు తెలుసు.

"ముసుగు కడుతున్నావా?"

"కడుతున్నాలే పిన్నీ, గుర్తున్నప్పుడు."

ఆ మధ్యాహ్నం నేను ఉత్తరపు పాయ ఒడ్డుకి వెళ్ళాను. వదిన పోయాక అటు వెళ్ళడం అదే మొదలు. గాలి లేదు. జమ్ము నిలబడే ఉంది గాని, పల్చగా ఉంది. జ్వరం పడి లేచిన పిల్ల తల మీద జుట్టులా ఉంది. కాడల మధ్యలోంచి అవతలి నీళ్ళు కనిపిస్తున్నాయి. అలా కనిపించకూడదు. నాకు లోపలికి దిగి పాదంతో తడమడం రాదు. నేను ఎప్పుడూ ఒడ్డు మనిషినే, తడిమిన పాదాలు కడిగినదాన్ని. కాని ఆ ఈనెలు ఏ ఏడు ఎలా ఉండేవో నా వేళ్ళకి తెలుసు. బాగా పడుకుని లేచిన పాయ ఈనె గట్టిగా ఉండేది, సూదికి తొందరగా వచ్చేది కాదు. నిరుడు చివర్లో ఆమె మడమలోంచి తీసినవి తేలిగ్గా వచ్చాయి, మధ్యలో విరిగిపోయాయి. అప్పుడు నేను పట్టించుకోలేదు. ఆమె దగ్గు మీదే ఉంది నా ధ్యాస.

తూర్పు పాయ వైపు తలతిప్పి చూశాను. ఉత్త నీళ్ళు.

ఆదివారం సాయంత్రం మా ఆయన పెరట్లోకి వచ్చారు. గూట్లోంచి సానరాయి తీసి మెట్టు పక్కన పెట్టారు. తలుపు వెనక మేకుకి వదిన కొడవలి ఉంది. దానివైపు చూడకుండా, "పొద్దున్నకి అది నూరిపెట్టు" అన్నారు.

నేను బియ్యం ఏరుతున్నాను. ఏరుతూనే ఉన్నాను.

"విన్నావా?"

"విన్నాను."

ఆయన లోపలికి వెళ్ళిపోయారు. ఈ ఇంట్లో పుట్టి పెరిగిన మనిషి. నేను సరే అనలేదని ఆయనకి తెలియకుండా ఉండదు.

పొద్దున్నే లేచి వాకిలి ఊడ్చాను. బకెట్టు నింపి మెట్టు దగ్గర పెట్టాను. రాయి పక్కన చెంబు కూడా పెట్టాను. అన్నీ అందుబాటులోనే ఉన్నాయి. లోపలికొచ్చి పొయ్యి దగ్గర కూర్చున్నాను.

ఎండ పడేసరికి కోతవాళ్ళు వీధిలో చేరారు. మేనేజరు గారు కూడా వచ్చారు, ఏటా మొదటి కొడవలి రోజున వస్తారు. మా ఆయన మేకు మీద నుంచి కొడవలి తీసుకుని వాకిట్లోకి వెళ్ళారు. బొటనవేలు అంచు మీద ఆనించి చూశారు. నిరుటి జమ్ము పసరు దాని మీద నల్లగా ఎండిపోయి ఉంది. ముసలివాళ్ళు అది చూశారు, నేల చూశారు. ఒకాయన తన కొడవలిని గోనెగుడ్డలో చుట్టేసుకున్నాడు. కాసేపట్లో అందరూ నేలే చూస్తున్నారు.

"ఇంక బయలుదేరదామా?" అన్నారు మేనేజరు గారు. ఎవరూ కదల్లేదు. "ఏమైనా ఇబ్బందా?" అన్నారు. ఎవరూ పలకలేదు.

మళ్ళీ తూర్పు పాయ రోజే వచ్చి మా వాకిట్లో నిలబడినట్టు అనిపించింది. మేము మా మాట చెప్పేశామని ఇళ్ళకి పోతాం. ఆయన మనుషులు చాలడం లేదనుకుంటారు. పడవ మీద యంత్రం వస్తుంది. నూరకుండా ఊరుకుంటే సరిపోదు. సగమే చెప్పినట్టు. మిగతా సగం చెప్పే మనిషి గోడ మీద ఫొటోలో ఉంది.

గుమ్మం దాకా వెళ్ళాను. అంతమంది మగవాళ్ళ ముందు నేను ఎప్పుడూ మాట్లాడలేదు.

"కాదండి" అన్నాను.

మేనేజరు గారు తల తిప్పారు.

"కొడవలి నూరలేదు. మర్చిపోయి కాదు. ఉత్తరపు పాయ పల్చబడింది, అది పడుకోవాలి. ఈ ఏడు కోత లేదండి."

ఆయన మా ఆయన వైపు చూశారు. మా ఆయన కొడవలి వంపు వైపే చూస్తూ, "ఆవిడ చెప్పిందేనండి" అన్నారు. పెళ్ళయిన ఇన్నేళ్ళలో ఆయన ఒకరు అడిగిన దానికి అడ్డం చెప్పడం నేను విన్నది అదే మొదలు.

"పని పోతుందండి" అన్నారు మేనేజరు గారు. బెదిరింపు లేదు ఆ గొంతులో. "షెడ్డు మూసెయ్యాలి. తెరిచే రోజు నేను చెప్పలేను."

"తెలుసండి."

ఆయన కళ్ళజోడు తీసి, చాలాసేపు తుడుచుకుని, మళ్ళీ పెట్టుకుని వెళ్ళిపోయారు. ఒప్పందం ప్రకారం మా మాట దాటి ఆయన పోలేరు. పోవాలని కూడా చూడలేదు. అది వదిన సంపాదించి పెట్టింది.

కోతవాళ్ళు ఒక్కొక్కరే కదిలారు. ఎవరూ నన్ను మెచ్చుకోలేదు. తిట్టనూ లేదు. ఎదురింటి కోడలు మాత్రం తన గుమ్మంలో నిలబడి, వీధంతా వినేలా, "ఒక కాదమ్మ పోయిందనుకుంటే ఇంకొకతె లేచింది. పిల్లలకి ఏం పెట్టను పిన్నీ, నీ మాట వండి పెట్టనా?" అంది.

దానికి వదిన ఏమనేదో. లోపలికి వచ్చి ఏరిన బియ్యంలో కొంత గిన్నెలో పోసి, వాళ్ళ పిల్లతో పంపాను. గిన్నె అలాగే తిరిగి వచ్చింది, బియ్యంతో సహా. వాళ్ళ వాకిలి ఆ సాయంత్రం ఊడ్వలేదు.

షెడ్డు చప్పుడు లేని సాయంత్రం ఎలా ఉంటుందో మర్చిపోయాం అందరం. పొద్దు వాలేవేళకి మెట్టు మీద కూర్చున్నాను. మా ఆయన వచ్చి పక్కన కూర్చున్నారు. కొడవలి మళ్ళీ మేకుకి ఉంది, నల్లటి అంచుతో. పొద్దున పెట్టిన బకెట్టులో నీళ్ళు అలాగే ఉన్నాయి. సానరాయి పొడిగా ఉంది. ఆయన దాన్ని తీసి గూట్లో పెట్టబోయారు.

"ఉండనివ్వండి" అన్నాను. "మడుగుకి పోయేవాళ్ళందరికీ కనపడనివ్వండి."